నోట్లో నువ్వుగింజ

ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదంటారు. కర్ణుడి పుట్టుక దాచినందుకు కుంతి మీద కోపంతో ధర్మరాజు ఆడజాతికంతటికీ పెట్టిన శాపమట! ఆ శాపం కార్లీ పీటర్స్‌కి మాత్రం తగల్లేదు.

ఎవరీవిడ అంటారా? 2008 అక్టోబరు 22న మన శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 బయల్దేరింది కదా, అందులో అమెరికా వాళ్లు పంపిన ఒక పరికరానికి ఈవిడే పెద్దదిక్కు. చంద్రుడి నేల మీద పడి తిరిగొచ్చే వెలుతురును బట్టి అక్కడి ఖనిజాలేమిటో చెప్పే పరికరమది. అది పంపిన కొలతల్లో నీటి జాడ కనిపించింది! అపోలో వ్యోమగాములు తెచ్చిన రాళ్లు చూశాక, చంద్రుడి మీద చుక్క నీరు లేదని శాస్త్రజ్ఞులు నలభై ఏళ్లుగా నమ్ముతూ వచ్చారు. ఇంకొకరైతే ఊరంతా టముకు వేసేవారే. ఈవిడ బృందం పరికరమే పొరబడిందేమోనని నెలల తరబడి సరిచూసుకుంది. 1999లో చంద్రుడి పక్కనుంచి వెళ్లిన కాసినీ నౌక కొలతలు తిరగేశారు. 2009 జూన్‌లో డీప్ ఇంపాక్ట్ నౌకతో మరోసారి చూడమన్నారు. మూడూ ఒకే మాట చెప్పాకే, సెప్టెంబరులో 'సైన్స్' పత్రికలో సంగతి బయటపెట్టారు.

"ప్రజల డబ్బుతో పంపినవి కదా, వచ్చినవి వచ్చినట్టు చూపించొచ్చుగా!" అన్నారు మావారు. న్యాయమే. కానీ ఒక్కో పరికరం తయారుచేసి పంపడానికి ఏళ్లు పడుతుంది. పొయ్యి ముందు చెమటోడ్చిన మనిషి కూరలో ఉప్పు చూసేలోపే పక్కింటివాళ్లు వడ్డించేసుకుంటే ఎలా? అందుకే కష్టపడ్డవాళ్లకి కొన్నాళ్లు గడువిస్తారు. హబుల్ టెలిస్కోపు విషయంలో చాలాకాలం అది ఏడాది. గడువు తీరాక ఎవరైనా చూడొచ్చు.

ఈ ఏర్పాటు లేని రోజుల్లో ఏమయిందో చూడండి. 1610లో శనిగ్రహం మూడు గోళాలుగా కనిపించిందని గెలీలియో సంబరపడ్డాడు. ఆ పేరు ఇంకెవరైనా తన్నుకుపోతారని, సంగతి రాసిన వాక్యంలోని అక్షరాలన్నీ కలగాపులగం చేసి పంపాడు. కెప్లర్ ఆ చిక్కు విప్పబోయి, అంగారకుడికి రెండు చందమామలున్నాయని చదువుకున్నాడు! కొన్ని నెలలకి గెలీలియోయే అసలు మాట చెప్పాడు. అదీ సరైంది కాదు. అవి గోళాలు కావు, శని చుట్టూ ఉన్న వలయమని 1659లో హైగెన్స్ వివరించాడు. ఆ దాపరికం పేరు దక్కించుకోవడానికే గాని, సరిచూసుకోవడానికి పనికిరాలేదు.

సీరియల్ రాసేటప్పుడు వచ్చే వారం సంగతి నేనూ ఎవరికీ చెప్పను. నాది ఉత్కంఠ కోసం. నేను తప్పు రాసినా కొంపలేం మునగవు. వాళ్లు తొందరపడి తప్పు చెబితే అది పాఠ్యపుస్తకాలకెక్కుతుంది.

అసలు కుంతి తప్పు కూడా దాచడం కాదేమో. కర్ణుడు బతికుండగా కొడుకులకి చెప్పాల్సిన మాట తర్పణాల వేళకి చెప్పింది. ధర్మరాజు కోపమంతా దానికే. దాచుకోండి, తప్పులేదు. ఎప్పుడు చెబుతారో ఆ గడువు ముందే చెప్పి మరీ దాచుకోండి.