పేరుపేరునా ప్రార్థన

1776 జులై 4. అమెరికాలోని బ్రిటిష్ వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిన రోజు. అదేరోజు ఆ ఊళ్లోనే ఉన్న క్రైస్ట్ చర్చి పెద్దలు కూడా సమావేశమయ్యారు. వాళ్లు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆరాధనలో ఇకమీదట రాజుగారి కోసం ప్రార్థించాలా, మానాలా? అప్పటిదాకా ఇంగ్లండు చర్చి ప్రార్థన పుస్తకం ప్రకారం మూడో జార్జి క్షేమం కోరుతూ ప్రార్థన చేయడం తప్పనిసరి. మానేయాలని తీర్మానించారు. పాస్టర్ జాకబ్ డుషే తన ప్రార్థన పుస్తకం తెరిచి, అచ్చులో ఉన్న ఆ వాక్యాలను సిరాతో కొట్టేశాడు. మరుసటి ఏడాదికల్లా ఆయనే మనసు మార్చుకుని, స్వాతంత్ర్యం మాట వదిలేయమని జార్జి వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు. అయినా కొట్టివేత కొట్టివేతగానే మిగిలింది.

ఒక పేరు తీసేయడానికి పెద్దలంతా కూర్చుని తీర్మానం చేయాల్సి వచ్చిందంటే ప్రార్థనలో పేరుకు ఎంత బరువుందో ఊహించవచ్చు. ఎవరి కోసం ప్రార్థిస్తారో వాళ్లే మనవాళ్లు. ఇంగ్లండు చర్చి నుంచి పుట్టిన ఆంగ్లికన్ సంఘాల రెండున్నర శతాబ్దాల చరిత్రను ఈ ఒక్క లెక్కతో చదివేయవచ్చు. రాజు కోసం ప్రార్థించడంతో మొదలైన సంఘం, ఖండాల అవతల ముక్కూమొహం తెలియని సంఘాల కోసం రోజూ పేరుపేరునా ప్రార్థించే దాకా వచ్చింది. ఆ దారిలో మన డోర్నకల్, నంద్యాల కూడా ఉన్నాయి.

పోప్ లేని కుటుంబం

స్వాతంత్ర్యం వచ్చాక అమెరికాలోని ఆంగ్లికన్లకు కొత్త చిక్కు వచ్చిపడింది. బిషప్‌ను అభిషేకించాలంటే బిషప్‌లే కావాలి. అమెరికాలో ఒక్కరూ లేరు. శామ్యూల్ సీబరీ అనే పాస్టర్ లండన్ వెళ్లి అడిగితే, రాజుకు విధేయత ప్రమాణం చేయనిదే కుదరదని చట్టం అడ్డొచ్చింది. ఆయన స్కాట్లండు దారి పట్టారు. అక్కడి బిషప్‌లకు ఆ చట్టంతో పని లేదు. 1784 నవంబర్ 14న అబర్డీన్‌లో ముగ్గురు స్కాటిష్ బిషప్‌లు ఆయన్ను అభిషేకించారు. ఇంగ్లండు రాజు ఏలుబడిలో లేని ఆంగ్లికన్ సంఘం అలా నిలబడింది. ఒకే చర్చి కాస్తా చర్చిల కుటుంబంగా మారడం అక్కడే మొదలు.

కుటుంబం పెరిగితే తగవులూ పెరుగుతాయి. దక్షిణాఫ్రికాలో నేటాల్ బిషప్ కొలెన్సో బైబిల్ మొదటి గ్రంథాలను అక్షరాలా చరిత్రగా తీసుకోనక్కర్లేదని రాయడంతో గొడవ ముదిరింది. కెనడా బిషప్‌లు అందరం ఒకచోట కూర్చుందామని కోరారు. 1867 సెప్టెంబర్‌లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ చార్లెస్ లాంగ్లీ లండన్‌లోని తన నివాసం లాంబెత్ ప్యాలెస్‌కు బిషప్‌లను పిలిచారు. వచ్చింది 76 మంది. యార్క్ ఆర్చ్‌బిషపే రానన్నారు. వెస్ట్‌మిన్‌స్టర్ అబీని ముగింపు ఆరాధనకు ఇవ్వడానికి అక్కడి డీన్ ఒప్పుకోలేదు. ఈ సభకు చట్టాలు చేసే అధికారం లేదని ముందే చెప్పి మరీ నడిపారు. నేటికీ అంతే. లాంబెత్ సభ సలహా ఇస్తుంది, శాసించదు. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌ది సమానుల్లో మొదటి స్థానం, పోప్ స్థానం కాదు. 160కి పైగా దేశాల్లో, 42 స్వతంత్ర సంఘాలుగా ఉన్న ఈ కుటుంబాన్ని కలిపి ఉంచే కట్టు ఏమిటన్న ప్రశ్నకు చట్టంలో జవాబు దొరకదు. ఒకరి కోసం ఒకరు చేసే ప్రార్థనల్లో కొంత దొరుకుతుంది.

అయిదు ముడుల తాటాకు

పసిఫిక్ మహాసముద్రంలో నుకాపు అనే చిన్న దీవి ఉంది. 1871 సెప్టెంబర్ 20న మెలనేసియా బిషప్ జాన్ ప్యాటిసన్ అక్కడ దిగారు. కాసేపటికి ఆయన శవం ఒక పడవలో తేలుతూ తిరిగొచ్చింది. ఒంటిపై అయిదు గాయాలు, ఎదపై అయిదు ముడులు వేసిన తాటాకు. అంతకుముందు కూలీల వ్యాపారం చేసే తెల్లవాళ్లు ఆ దీవి నుంచి అయిదుగురిని ఎత్తుకుపోయారు. ఆ పగ బిషప్‌పై తీరిందని, ముడికొక మనిషి లెక్క అని అర్థం చేసుకున్నారు. ఆయన మరణం ఇంగ్లండును కుదిపేసింది. పసిఫిక్ దీవుల మనుషుల్ని ఎత్తుకుపోవడాన్ని అరికట్టేందుకు మరుసటి ఏడాదే పార్లమెంటు చట్టం చేసింది.

అదే ఏడాది, 1872 డిసెంబర్ 20న, దూరదేశాల మిషన్ల కోసం ఆంగ్లికన్ సంఘాలన్నీ ఒకేరోజు విజ్ఞాపన ప్రార్థన చేయాలని పిలుపు వచ్చింది. మిషన్లకు మనుషులు దొరకని కాలమది. ఆ తర్వాత ఏటా ఈ ఆనవాయితీ కొనసాగి, నవంబర్ 30న వచ్చే ఆంద్రెయ పండుగ చుట్టూ స్థిరపడింది. ఒక చూపున ఇది గొప్ప మలుపు. ఇంకో చూపున లోపం కూడా ఇందులోనే ఉంది. ప్రార్థించేది ఇంగ్లండు, ప్రార్థన అందుకునేది మిగతా ప్రపంచం. ఇచ్చే చేయి ఎప్పుడూ ఒక్కటే.

స్నేహితులు కావాలన్న బిషప్

ఆ లోపాన్ని మొహమ్మీదే ఎత్తిచూపింది మనకు దగ్గరి మనిషే. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి జిల్లాకు చెందిన తమిళుడు, 1874లో పుట్టారు. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేత నడిచే మిషనరీ సంఘాన్ని 1903లో స్థాపించి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను పని చోటుగా ఎంచుకున్నవాళ్లలో ఆయన ముఖ్యుడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సమావేశం జరిగింది. వేదిక మీదకెక్కిన అజరయ్య మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, వాళ్లకూ భారతీయ క్రైస్తవులకూ మధ్య ఉన్న దూరాన్ని దాపరికం లేకుండా చెప్పారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు కావాల్సింది స్నేహితులు అన్నది ఆయన మాటల సారాంశం. సభలో కొందరికి అది మింగుడుపడలేదు.

రెండేళ్లకు, 1912 డిసెంబర్ 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. తెలుగు నేర్చుకుని, ఎద్దుబండి మీద ఊరూరా తిరిగారు. మాల, మాదిగ పల్లెల్లో సంఘాలు విస్తరించాయి. 1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మొదలుపెట్టిన కృష్ణా ప్రాంతపు మిషన్ సంఘాలు కూడా తర్వాత ఆయన పాలన కిందికి వచ్చాయి. డోర్నకల్‌లో మన గుడుల మండప స్తంభాలను, మసీదు గుమ్మటాలను తలపించేలా ఆయన కట్టించిన కెథెడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠ జరుపుకుంది. రైల్వే జంక్షన్‌గానే పేరున్న ఆ ఊరు ఆంగ్లికన్ ప్రపంచమంతా ఎరిగిన పేరైంది.

కలిసినందుకు విడిపోయారు

అజరయ్య కల మరొకటి ఉంది. ఊరికో మిషన్, మిషన్‌కో చర్చి అన్న విభజన ఇంగ్లండు, అమెరికా తగవుల ఫలితమని, భారతీయులు దాన్ని మోయాల్సిన పని లేదని ఆయన వాదించారు. 1919లో తరంగంబాడిలో మొదలైన చర్చలు దాదాపు మూడు దశాబ్దాలు సాగాయి. ఫలం చూడకుండానే 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబర్ 27న, మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. అదే ఇప్పటి సీఎస్‌ఐ.

ఈ కలయికకు ఆంగ్లికన్ లోకం చప్పట్లు కొట్టలేదు. బిషప్ చేతిమీదుగా అభిషేకం పొందని పాస్టర్లను కూడా యథాతథంగా స్వీకరించడం చాలామందికి నచ్చలేదు. ఐక్యతలో చేరిన నాలుగు డయాసిస్‌లు (ఒక్కో బిషప్ పాలన కింది ప్రాంతాలు) ఆంగ్లికన్ కుటుంబం వెలుపలికి వచ్చేశాయి. డోర్నకల్ వాటిలో ఒకటి. అయితే నంద్యాల ప్రాంతంలో ఎస్పీజీ అనే ఇంగ్లండు మిషనరీ సొసైటీ సంఘాలకు చెందిన వేలమంది మేం కలవమన్నారు, ఆంగ్లికన్లుగానే మిగిలిపోయారు. వాళ్ల కోసం 1963లో నంద్యాల డయాసిస్ ఏర్పడింది. ఒకే భాష మాట్లాడే పక్కపక్క జిల్లాల క్రైస్తవుల్లో కొందరు ఆంగ్లికన్ కుటుంబం లోపల, కొందరు బయట. 1970ల్లో నంద్యాల కూడా సీఎస్‌ఐలో చేరాక గానీ ఆ గీత చెరగలేదు.

బయటికి పంపిన సంఘం నుంచే ఆంగ్లికన్లు ఒక మంచి అలవాటు తీసుకున్నారు. సీఎస్‌ఐ 1950లో తన ఆరాధన క్రమాన్ని రూపొందించుకుంది. అందులో కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న సమాధాన (శాంతి) మర్యాద ఉంది. గురువు నుంచి మొదలై, చేతులు కలుపుతూ ఒకరి నుంచి ఒకరికి సమాధానం అందుతుంది. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతటా ఆంగ్లికన్లు తమ ప్రార్థన పుస్తకాలను సవరించుకున్నప్పుడు ఆ పద్ధతి వాటిల్లోకి వెళ్లింది. ఇవాళ లండన్‌లోనో సిడ్నీలోనో పక్కవారికి చేయి అందించి సమాధానం చెప్పే విశ్వాసికి దాని దారి దక్షిణ భారతం మీదుగా వచ్చిందని తెలియకపోవచ్చు.

రోజుకో చిరునామా

1963 ఆగస్టులో టొరంటోలో జరిగిన ఆంగ్లికన్ కాంగ్రెస్ అజరయ్య అడిగినదాన్ని యాభై మూడేళ్ల తర్వాత ఒప్పుకుంది. ఇచ్చే సంఘం, పుచ్చుకునే సంఘం అన్న తేడా పోవాలని, బాధ్యత రెండువైపులా ఉండాలని ప్రకటించింది. ఆ ఆలోచనకు నిత్యరూపం ప్రార్థనల జాబితా. ఆంగ్లికన్ సైకిల్ ఆఫ్ ప్రేయర్ అని పిలిచే ఈ జాబితా ఏర్పాటు సాదాసీదా. ఆదివారం ఒక దేశపు లేదా ప్రాంతపు సంఘం మొత్తం కోసం, మిగతా రోజుల్లో విడివిడి డయాసిస్‌ల కోసం ప్రార్థన. నైజీరియా డయాసిస్ పక్కన కెనడాది, దాని పక్కన జపాన్‌ది. పేద, ధనిక తేడా లేదు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు రోజూ మారుతుంటారు.

దీనివల్ల ఏం ఒరిగిందని అడిగేవాళ్లకు ఇద్దరి అనుభవం చెప్పాలి. దక్షిణాఫ్రికా ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ తరచూ ఒక ముచ్చట చెప్పేవారు. కాలిఫోర్నియా అడవిలో ఒంటరిగా ప్రార్థనా జీవితం గడిపే ఒకావిడ రోజూ తెల్లవారుజామున రెండింటికి లేచి తన కోసం ప్రార్థిస్తోందట. ఇక వర్ణవివక్ష ప్రభుత్వం మనల్నేం చేయగలదు అని ఆయన నవ్వేవారు.

రెండోది టెరీ వెయిట్ కథ. బందీల విడుదలకు రాయబారిగా కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ తరఫున బీరూట్ వెళ్లిన ఆయన 1987 జనవరిలో తానే బందీ అయ్యారు. 1,763 రోజుల చెరలో ఎక్కువకాలం గోడకు గొలుసుతో కట్టేసి ఒంటరిగా ఉంచారు. ఒకరోజు కాపలావాడు ఒక పోస్ట్‌కార్డు తెచ్చిచ్చాడు. ముఖం ఎరగని ఒక ఇంగ్లిష్ మహిళ రాసింది. మిమ్మల్ని మరచిపోలేదు, మీకోసం ప్రార్థిస్తున్నాం అన్నది సారం. కార్డు మీద జైల్లో కూర్చుని రాసుకుంటున్న జాన్ బన్యన్ బొమ్మ. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో తరతరాలుగా చదువుతున్న ‘యాత్రికుని ప్రయాణము’ రచయిత ఆయనే. ఆ బన్యన్‌ను పన్నెండేళ్లు చెరలో పెట్టింది అనుమతి లేకుండా బోధిస్తున్నాడన్న నేరం మీద, ఆంగ్లికన్ చర్చి ఏకైక అధికార చర్చిగా చెలామణి అయిన రోజుల్లోనే. పాత కాలపు ఖైదీ బొమ్మే ఆంగ్లికన్ ఖైదీకి ఓదార్పు అయింది.

జాబితాలో ఉన్నా పలకరింపుల్లేవు

ఈ కుటుంబం ఇప్పుడు చిక్కుల్లో ఉంది. స్వలింగ సంబంధంలో ఉన్న వ్యక్తిని 2003లో అమెరికా సంఘం బిషప్‌గా అభిషేకించినప్పటి నుంచి చీలిక పెరుగుతూ వచ్చింది. 2008 లాంబెత్ సభకు రెండు వందలమందికి పైగా బిషప్‌లు గైర్హాజరయ్యారు, చాలామంది ఆఫ్రికావాళ్లు. నైజీరియా సంఘం తన రాజ్యాంగం నుంచి కాంటర్‌బరీ ప్రస్తావనను 2005లోనే తొలగించింది. 2025 అక్టోబర్‌లో సారా ములాలీ కాంటర్‌బరీకి తొలి మహిళా ఆర్చ్‌బిషప్‌గా ఎంపికయ్యాక, సంప్రదాయవాద సంఘాల కూటమి గాఫ్కాన్ ఇక పాత వ్యవస్థను గుర్తించబోమని ప్రకటించింది. ఇంత జరిగినా ప్రార్థనల జాబితాలో నైజీరియా డయాసిస్‌లూ ఉన్నాయి, అమెరికావీ ఉన్నాయి. ఒకే బల్ల దగ్గర కూర్చోని వాళ్ల పేర్లు ఒకే పేజీలో పక్కపక్కన అచ్చవుతాయి.

సీఎస్‌ఐ మాటకొస్తే, 1988 లాంబెత్ సభ తర్వాత ఐక్య సంఘాలకు ఆంగ్లికన్ కుటుంబంలో పూర్తి స్థానం దక్కింది. ఇవాళ డోర్నకల్, కృష్ణా-గోదావరి, మెదక్, కరీంనగర్, రాయలసీమ, నంద్యాల పేర్లన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మెదక్ కెథెడ్రల్ కట్టించింది ఆంగ్లికన్లు కాదు, వెస్లియన్ మెథడిస్టులు. అయినా ఆ డయాసిస్ కోసం కూడా ఏడాదిలో ఒక రోజు కెన్యాలో, బ్రెజిల్లో, ఇంగ్లండు పల్లెల్లో ప్రార్థిస్తారు.

పేరు చదివినంత మాత్రాన స్నేహం కుదరదు. అజరయ్య అడిగింది చదివే పేర్లను కాదు, మనుషుల్ని. ఆ లెక్కన ఈ జాబితా సగం పనే చేసింది, మిగతా సగం చదివేవాళ్ల చేతిలో ఉంది. అది ఇంగ్లండుకే కాదు, మనకూ వర్తిస్తుంది. మన సంఘంలో ఎప్పుడైనా సూడాన్ పేరు వినిపిస్తే, 2023 ఏప్రిల్ నుంచి అక్కడ సాగుతున్న యుద్ధం గురించి రెండు ముక్కలు తెలుసుకుని ఆమెన్ అనడం అజరయ్యకు మనం చెల్లించాల్సిన కనీస బాకీ.