ఏం నొక్కావ్?

మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది 2004 వేసవిలో. విండోస్ ఎక్స్‌పీ, డయల్-అప్ కనెక్షన్. రెండు నెలలు తిరక్కుండానే హోమ్‌పేజీ మారిపోయింది, బ్రౌజర్ నెత్తిన నేనెరగని టూల్‌బార్లు మొలిచాయి, ఒక పాప్-అప్ మూస్తే రెండు తెరుచుకునేవి. నాన్న అడిగింది ఒకటే: "ఏం నొక్కావురా?" క్రికెట్ స్కోర్ చూశానంతే అన్నా. ఆయన నమ్మలేదు. కొన్నాళ్లకి నేనూ నమ్మడం మానేశా.

ఇదే వృత్తిలోకొచ్చాక ఆ ఏళ్ల చరిత్ర చదివితే, అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదనిపించింది.

1996లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన యాక్టివ్‌ఎక్స్‌తో వెబ్ పేజీ తనతోపాటు ఒక ప్రోగ్రామ్‌నీ మోసుకురావచ్చు. ఇన్‌స్టాల్ చెయ్యనా అని ఒక పెట్టె అడిగేది. అవునన్నామా, వాడేవాళ్లకున్న అధికారాలన్నీ దానికీ దక్కేవి. ఎక్స్‌పీలో మొదట తయారయ్యే ఖాతాకి ఏకంగా అడ్మినిస్ట్రేటర్ హోదా. ఇంటిల్లిపాదీ వాడేది దాన్నే. గుమ్మంలో నిలబడ్డవాణ్ణి లోపలికి రమ్మంటే బీరువా తాళాలు కూడా చేతిలో పెట్టినట్టు.

ఆ మాత్రం అడగడం కూడా ఉండేది కాదు ఒక్కోసారి. 2004 జూన్‌లో డౌన్‌లోడ్.జెక్ట్ దాడి జరిగింది. మామూలు సైట్ల సర్వర్లలోకే దొంగ కోడ్ చేరింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో ఆ పేజీ తెరిస్తే చాలు, పని అయిపోయేది. "తెలియని సైట్లకి వెళ్లకండి" అన్న సలహా ఇక్కడ దేనికి పనికొస్తుంది? అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థ యూఎస్-సర్ట్ అప్పుడు చెప్పిన ఉపాయాల్లో ఒకటి, వేరే బ్రౌజర్ వాడమని!

ఆ ఆగస్టులోనే ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 వచ్చింది. ఈ కథలో నాకు ముఖ్యమైన ఘట్టం ఇదే. ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ 2001 నుంచీ ఉంది, కాకపోతే ఆఫ్ చేసి ఇచ్చారు. ఇప్పుడు ఆన్ చేసి ఇచ్చారు. ఇన్‌స్టాల్ చెయ్యనా అనే పెట్టె మొహమ్మీదకి దూకడం మానేసి, పైన ఒక సన్నటి పట్టీలోకి వెళ్లింది. పట్టించుకోకపోతే అదే "వద్దు" కింద లెక్క. చిన్న మార్పులానే కనిపిస్తుంది గానీ, అప్పటిదాకా జాగ్రత్త భారమంతా మోసింది కీబోర్డు ముందున్న మనిషే.

అయితే దాని పూర్తి ప్యాకేజీ 266 ఎంబీ. 56కే మోడెమ్ పూర్తి వేగంతో పనిచేసినా పది గంటలు దాటుతుంది. అంతసేపూ ల్యాండ్‌లైన్ ఎంగేజే, బిల్లు సరేసరి. మా ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు?

2008లో క్రోమ్ ఇంకో అడుగు వేసింది. ఎవడో ఒకడు చొరబడతాడనే అనుకుని, పేజీని నడిపే భాగాన్ని అధికారాల్లేని గదిలో కూర్చోబెట్టింది. (ఆ సంగతులు వివరించడానికి స్కాట్ మెక్‌క్లౌడ్ చేత కామిక్ గీయించారు. ముచ్చటగా ఉంటుంది.) గోడలు గట్టిపడేకొద్దీ దొంగలు మళ్లీ మనుషుల మీద పడ్డారు. "మీ బ్రౌజర్ పాతబడింది, అప్‌డేట్ చేసుకోండి" అనే దొంగ పేజీలు అలాంటివే. అంటే ఏం నొక్కామన్నది ఇప్పుడు నిజంగానే లెక్కలోకొస్తోంది. అందుకే అమ్మ ల్యాప్‌టాప్‌లో అడ్మినిస్ట్రేటర్ హోదా లేని ఖాతా పెట్టా, అప్‌డేట్లు వాటంతటవే వచ్చేలా చూశా.

పోయిన నెల అమ్మ ఫోన్ చేసింది. "ఒరే, వైరస్ వచ్చిందట, ఏదో నంబరుకి ఫోన్ చెయ్యమంటోంది. నేనేం నొక్కలేదురా." గొంతులో వణుకు.

"నొక్కలేదని తెలుసమ్మా. ఆ నంబరుకి చెయ్యకు. తెర మీద ఏముందో చదువు" అన్నా. కళ్లజోడు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.