వెచ్చదనం సరే, వెలుగు మాటేమిటి?

ఎండలో పెరిగే చెట్టును చలిదేశంలో కప్పు కింద బతికించాలన్న పట్టుదల యూరప్‌లో నారింజతో బలపడింది. 17వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ రాజోద్యానానికి రూపకల్పన చేసిన సాలమన్ ద కౌస్, చలికాలం రాగానే నారింజ చెట్ల చుట్టూ కొయ్య గది నిలబెట్టి, లోపల పొయ్యిలు వెలిగించి, వసంతంలో ఆ గదిని విప్పేసే ఏర్పాటు చేశాడు. మంచు చెట్టును చంపుతుంది, మంట కాపాడుతుంది: అప్పటి తోటమాలుల లెక్క అంతే. వెలుగు ఆ లెక్కలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. చలి మన ఒంటికి తగులుతుంది కనుక చెట్టు బాధ కూడా మనకు తెలిసినట్టే ఉంటుంది. చెట్టుకు వెలుగు చాలకపోతే మాత్రం మనకు ఏ ఇబ్బందీ కలగదు. ఎండను కోరే మొక్కకు ఎంత వెలుగు సరిపోతుందన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదని, ఆ మొక్క ఎంత వెచ్చదనంలో ఉందో చూసి చెప్పాలని గ్రహించడానికి యూరప్‌కు రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

ఈ మాటకు మొదటి అభ్యంతరం ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనం నుంచే వస్తుంది. అక్కడ రాజు 14వ లూయీ కోసం జూల్ అర్దువాఁ మాన్సార్ 1684-86 మధ్య కట్టిన నారింజశాల రాతి కట్టడం. నడిమి శాల పొడవు 150 మీటర్లకు పైమాటే; గోడల మందం 4 నుంచి 5 మీటర్లు. ఆ శాలకు వెలుగు వచ్చేది దక్షిణం వైపు కిటికీల నుంచి మాత్రమే. అయినా అక్కడ 200 ఏళ్లు దాటిన చెట్లు ఉన్నాయి. మరి వెలుగు అంత ముఖ్యమెలా అవుతుంది? జవాబు ఆ శాలలోని చల్లదనంలో ఉంది. పొయ్యి లేకుండానే ఆ మందపాటి గోడలు చలికాలంలో 5 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ వేడిని నిలుపుతాయి. అంత చల్లదనంలో నారింజ ఎదుగుదల ఆగిపోతుంది. కొత్త చిగురు వేయదు, ఉన్న ఆకును నిలుపుకోవడానికి కొద్దిపాటి వెలుగు చాలు. మే నెలలో కొయ్య తొట్లతో సహా చెట్లను బయటికి చేరుస్తారు, అక్టోబరు దాకా అవి నిండు ఎండలోనే ఉంటాయి. కాబట్టి వెర్సాయ్ చెట్లు వెలుగు అక్కర్లేదని నిరూపించలేదు. నిద్రలో ఉన్నప్పుడు తక్కువ, మేలుకున్నప్పుడు పూర్తిగా కావాలని చూపాయి.

చిక్కు వచ్చింది పొయ్యితోనే. 1685లో లండన్‌లోని చెల్సీ ఔషధ వనాన్ని చూసిన ఆంగ్ల రచయిత జాన్ ఈవ్లిన్, మొక్కల గది కింద మంట పెట్టి వేడి అందించే పద్ధతిని మెచ్చుకుంటూ డైరీలో రాసుకున్నాడు. అది గొప్ప ఉపాయమే. కానీ వేడి తగలగానే మొక్క మేలుకుంటుంది, చిగురు వేస్తుంది. ఆ చిగురుకు తగిన వెలుగు లేకపోతే కొమ్మ సన్నగా సాగి పాలిపోతుంది. చలి నుంచి కాపాడే వేడే చీకటి గదిలో మొక్కను క్షీణింపజేస్తుంది. 1699లో స్విస్ గణితవేత్త నికొలా ఫాషియో పండ్ల చెట్ల వెనుక గోడలను ఏటవాలుగా కడితే సూర్యకిరణాలు బాగా తగులుతాయని ఒక పుస్తకమే రాశాడు. అయితే అతను వెతికింది కూడా ఎండలోని వేడినే. వెలుగును వేడి నుంచి వేరుచేసి చూపినవాడు డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్. నీటిలో ఉంచిన ఆకుల మీద గాలి బుడగలు పుట్టడానికి సూర్యుడి వేడి కాదు, వెలుగే కారణమని, ఆ పని మొక్కలోని పచ్చని భాగాలే చేస్తాయని 1779లో ప్రకటించాడు.

తెలిసిన విషయం తోటలోకి రావడానికి మరో అడ్డు ఉంది: ధర. బ్రిటన్ 1746 నుంచి గాజు మీద బరువును బట్టి పన్ను వేసింది. ఇళ్ల కిటికీల మీద పన్ను అంతకుముందే, 1696 నుంచి ఉంది. పైకప్పు దాకా గాజు వేయడం ధనవంతులకే సాధ్యమైంది. ఉన్న గాజు నుంచి ఎక్కువ వెలుగు రాబట్టాలని సర్ జార్జ్ మెకెంజీ 1815లో అర్ధగోళాకారపు కప్పును సూచించాడు. మరుసటి ఏడాది తోటల రూపకర్త జాన్ లౌడన్ వంపు తిరిగే సన్నని ఇనుప చట్రాన్ని తయారుచేశాడు. లావుపాటి కొయ్య దూలాలు మొక్కల మీద వేసే నీడ దానితో తగ్గింది. 1845లో గాజు పన్ను, 1851లో కిటికీ పన్ను రద్దయ్యాయి. ఆ తరవాతే మధ్యతరగతి ఇళ్లకు కూడా గాజు గది అందుబాటులోకి వచ్చింది. మొక్కకు ఎంత వెలుగు కావాలో శాస్త్రం చెప్పినా, అది అందుతుందో లేదో నిర్ణయించింది పన్నుల చట్టం.

అలాగైతే వెలుగు ఎంత పెరిగితే అంత మంచిదేనా? 1844-48 మధ్య లండన్ దగ్గరి క్యూ తోటలో తాటి జాతి చెట్ల కోసం కట్టిన గాజు భవనం ఈ రెండో అభ్యంతరానికి ఉదాహరణ. అంత గాజు కింద ఆకులు మాడిపోతాయన్న భయంతో, శాస్త్రవేత్త రాబర్ట్ హంట్ సలహా మీద రాగి ఆక్సైడ్ కలిపిన లేత ఆకుపచ్చ గాజు వేశారు. ఆ భయం ఉత్తది కాదు; గాలి ఆడని గాజు గదిలో నడివేసవి ఎండ ఆకులను మాడ్చగలదు. కానీ లండన్ ఆకాశం బొగ్గు పొగతో నిండిపోయాక చెట్లకు వెలుగు చాలక, ఆ శతాబ్దం చివరికి మామూలు తెల్ల గాజుకే మళ్లారు. వేసవిలో కొన్ని వారాలు ఉండే ప్రమాదానికి ఏడాది పొడవునా వెలుగు తగ్గించడం తప్పు మందు. కిటికీలు తెరవడం, ఎండ ముదిరినప్పుడు తెర వేయడం, నీడలో ఉన్న మొక్కను ఎండకు మెల్లగా అలవాటు చేయడం సరైన మందు.

ఈ చరిత్ర అమెరికాలోని తెలుగు ఇళ్లకు నేరుగా పనికొస్తుంది. అక్కడ చలికాలంలో లోపలికి తెచ్చే కరివేపాకు వృక్షశాస్త్రం ప్రకారం నారింజ కుటుంబానిదే. మన కన్ను మసక వెలుగుకు ఇట్టే సర్దుకుంటుంది కనుక గది నిండా వెలుగున్నట్టే తోస్తుంది. నిజానికి వెలుగును కొలిచే లక్స్‌లలో చెప్పాలంటే నిండు ఎండ లక్ష దాకా ఉంటే, కిటికీకి దూరంగా గది మధ్యలో కొన్ని వందలే ఉంటుంది. కరివేపాకును గడ్డకట్టని చల్లని గదిలో ఉంచి, నీళ్లు తగ్గించి, ఆకు రాల్చి విశ్రాంతి తీసుకోనివ్వవచ్చు. అది వెర్సాయ్ పద్ధతి. తులసికి ఆ వెసులుబాటు లేదు, చల్లదనాన్ని అది ఓర్చుకోదు. వెచ్చని గదిలో ఉంచక తప్పని మొక్కకు దక్షిణపు కిటికీని పూర్తిగా ఇవ్వండి. అది చాలకపోతే పైన మొక్కల దీపం పెట్టండి. వెలుగు ఇవ్వలేనప్పుడు వేడి తగ్గించండి, వేడి తగ్గించలేనప్పుడు వెలుగు పెంచండి.