ఇషి విల్లు

పాతవిల్లు నొకదానిని చేతబట్టినవాడు అది బాణము నెంతదూరము పంపునో యని యడుగును గాని, అది యెవరి చేతినుండి జాఱి తనదాక వచ్చెనో యని యడుగుట అరుదు. అమెరికా దేశమున నేడు పాతవిండ్లను వెదకి కొని దాచుకొనువారును, వానితోనే అడవికేగి లేళ్లను వేటాడువారును పెక్కుమంది కలరు. 1969లో కప్పీలు బిగించిన క్రొత్తవిల్లునకు పేటెంటు లభించి, గట్టివిల్లును సైతము తేలికగా లాగి నిలుపగల వీలు కలిగినపిమ్మట, ఇది విలువిద్య కాదు, యంత్రవిద్య యని రోసి వెనుకటి కొయ్యవిండ్లవైపు మరలినవారు వీరిలో ననేకులు. వీరు తమ సంప్రదాయమునకు మూలపురుషులుగా డాక్టరు సాక్స్‌టన్ పోపును, ఆతని మిత్రుడగు ఆర్థరు యంగును స్మరింతురు. ఆ యిరువురి పేర 1961లో నొక సంఘముకూడ వెలసినది. వారికి ముందును విలుకాండ్రు లేకపోలేదు. అంతర్యుద్ధమున నోడినపక్షమున పోరాడి వచ్చిన థాంసన్ సోదరులలో పెద్దవాడు 1878లో విలువిద్యనుగూర్చి యొక గ్రంథము ప్రకటింపగా, మఱుసటి యేడే జాతీయసంఘ మేర్పడెను. కాని వారు పట్టినది ఆంగ్లేయుల విల్లు. పోపునకు విల్లు పట్టుట నేర్పిన గురువు వేఱొకడు. ఆ గురువు అసలుపేరు నేటికిని ఎవ్వరికిని తెలియదు.

1911వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమున ఓరోవిల్ పట్టణము వెలుపల, కసాయిశాలను చేరియున్న పశువుల దొడ్డిలో, కుక్కల మొఱుగు విని పోయి చూచినవారికి ఒక మనుష్యుడు కనబడెను. ఒడలు ఎండియుండెను, తలవెండ్రుకలు పొట్టిగా కాల్చుకొని యుండెను. ఆతని భాష యెవ్వరికిని తెలియలేదు. షెరీఫు ఆతనిని చెఱసాలలో నుంచెను. నేరము చేసినందున కాదు, మఱెక్కడ నుంచవలెనో తోచనందున. వార్తాపత్రికలలో నీ సంగతి చదివి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రాచార్యులగు ఆల్ఫ్రెడ్ క్రోబర్, వాటర్‌మన్ అనువారు కదలిరి. వాటర్‌మన్ యానాభాషాపదముల పట్టిక నొకదానిని పట్టుకొని వచ్చి, ఒక్కొక్కమాటయే చదువజొచ్చెను. చాలసేపు ఫలము లేకపోయెను. తుదకు తాము కూర్చున్న మంచపుకొయ్యను తట్టి 'సివిని' యనగా, సరళవృక్షమునకు పేరైన ఆ యొక్కమాటతో ఆ బందీ ముఖము వికసించెనట. మూడేండ్లుగా స్వభాషలో నొక్కమాటయైన వినని మనుష్యుని ముఖ మది.

పేరడిగిరి. చెప్పలేదు. తన పేరు తానే పరులకు చెప్పుకొనుట ఆ జాతివారికి ఆచారము కాదు. మన యిండ్లలో భర్తపేరు పలుకని స్త్రీలను ఎఱిగియున్న మనకు ఇది వింతగా తోపనక్కఱలేదు. పిలుచుటకేదో యొక పేరు కావలెను గనుక క్రోబర్ ఆతనికి 'ఇషి' యని పెట్టెను. యానాభాషలో దానికి మనుష్యుడని యర్థము.

ఆతడు యానాలలో దక్షిణశాఖయగు యాహీ తెగవాడు. లాసెన్ పర్వతపు పాదమున మిల్ క్రీక్, డీర్ క్రీక్ అను రెండు ఏళ్ల కనుమలలో ఆ తెగవారు కొన్ని వందలమంది జీవించుచుండిరి. 1849లో బంగారముకొఱకు జనము విరుగబడి వచ్చిన పిమ్మట వారి లేళ్లు తఱిగెను, చేపలు తఱిగెను. ఆకలికి వారు తెల్లవారి పసరములను దొంగిలించిరి. ప్రతిగా 1860 మొదలు 1870 వఱకు గుంపులుగా తుపాకులతో వచ్చినవారు స్త్రీలనక బిడ్డలనక చంపిరి. మిగిలిన కొలదిమంది యేండ్లతరబడి లోయలలో దాగి, పొగ కనబడకుండ వంటచేసికొని, అడుగుజాడలు పడకుండ రాతినుండి రాతికి దాటుచు బ్రతికిరి. 1908 నవంబరులో ఏటి నీటితో విద్యుచ్ఛక్తి పుట్టించు ప్రయత్నమున కొలతలు తీయవచ్చిన సర్వేవారు వారి గుడిసెలపై తటాలున పడిరి. తక్కినవారు పరుగెత్తిపోయిరి. కాళ్లు వాచి నడువలేని ముసలితల్లి యొకతె కప్పిన దుప్పటుల క్రింద మిగిలిపోయెను. ఆ కొలతగాండ్రు ఆమెను బాధింపలేదు. కాని గుడిసెలలోని విండ్లు, బాణములు, బుట్టలు, తోలుదుప్పట్లు, పనిముట్లు సమస్తమును జ్ఞాపకార్థమని మూటగట్టుకొని పోయిరి. వారిలో నొకనికి మనస్సొప్పక మఱునాడు తిరిగివచ్చి చూడగా, ముసలిది లేదు. ఆమె ఇషి తల్లి.

చలికాలపు ముఖమున ఒక కుటుంబపు విండ్లు, కప్పుకొను తోళ్లు, తిండిబుట్టలు తీసికొనిపోవుట హత్యకాదని న్యాయస్థానమున వాదింపవచ్చును. ఆ కాలపు వారెవ్వరును దానిని దొంగతనమనికూడ తలంచినట్లు లేదు. వింతవస్తువులను సేకరించితిమనియే వారు తలంచిరి. ఇషి తల్లియు, తక్కిన బంధువులును ఆ పిమ్మట మఱి కనబడలేదు. ఆతడు దుఃఖసూచకముగా తల కాల్చుకొని, ఒంటరిగా తిరిగి తిరిగి, ఆకలితో ఆ దొడ్డికి చేరెను.

విశ్వవిద్యాలయమువారు ఆతనిని సాన్‌ఫ్రాన్సిస్కోలోని తమ ప్రదర్శనశాలకు గొనిపోయిరి. అచటనే ఆతనికి గది. అచటనే నెలకు 25 డాలర్ల జీతముపై ఊడ్చి తుడుచు కొలువు. ఆదివారములందు జనము గుమిగూడి చూచుచుండగా నిప్పు త్రచ్చి చూపును, బాణపుములికి చెక్కి చూపును, చెక్కిన ములికిని ఎవరికైన నిచ్చివేయును. ఆతనిని బంధించి యుంచిరని మేము చెప్పుటలేదు. స్వదేశమునకు పోవుదువాయని యడిగినపుడు అక్కఱలేదనినాడు. అచట ఆతని కెవరున్నారు?

ఆ ప్రదర్శనశాలకు ప్రక్కనే వైద్యకళాశాల. 1912లో శస్త్రవైద్యోపాధ్యాయుడుగా నచటికి వచ్చినవాడు పోపు. చిన్న చిన్న గారడీవిద్యలు చేసి చూపునందున ఇషి ఆతనికి మంత్రవైద్యుడను అర్థముగల 'కువి' యను పేరు పెట్టెను. క్రమముగా వైద్యుడు శిష్యుడయ్యెను. విల్లు చేయుట, బాణము చేయుట, ములికి చెక్కుట, వేటాడుట ఒక్కొక్కటిగా నేర్చుకొని, చూచినదెల్ల కొలతలతో వ్రాసిపెట్టెను. ఆ వ్రాత 1918లో అచ్చుపడినది. మానవశాస్త్రగ్రంథములలో ఇంత చేతిపని యెఱిగి వ్రాసినవి మేము మిక్కిలి కొలదిగా చూచితిమి.

ఇషి విల్లు పొట్టిది. సుమారు 42 అంగుళములు. లాగుటకు 40 పౌండ్ల బలము చాలును. కొండ జూనిపరు కఱ్ఱ దానికి శ్రేష్ఠమని ఆతడు చెప్పెను. కఱ్ఱను రాతితో గీకి నున్నచేసి, కొప్పులను వేడిరాతిమీద మోపి మోకాటితో వంచి వెనుకకు తిప్పును. లేడికాలి స్నాయువులను నోటనమలి మెత్తనచేసి, సాల్మన్ చేపతోలు కాచిన జిగురుతో వింటివీపునకు పొరలుగా నంటించును. ఎండినకొలదియు ఆ స్నాయువు బిగిసి, కఱ్ఱ విఱుగకుండ కాచును. నారియు స్నాయువే. బాణమునకు హేజెల్ పుల్ల. దాని కొసకు కొట్టెక్కించి, నల్లని అగ్నిపర్వతపుగాజుతో చేసిన ములికిని తగిలించును. ఆ గాజును లేడికొమ్ముముక్కతో నొక్కి నొక్కి పెచ్చులు రాల్చుటలో ఆతని కెదురులేదు. పట్టణమునకు వచ్చినపిమ్మట పగిలిన సీసాలముక్కలతోను అదేపని చేసెను. నీటికుక్కతోలు ఆతని అమ్ములపొది. తీరికవేళ వింటికొస నోటిమూల నానించి, నారిని బాణముతో తట్టి, సన్నని సంగీతము పలికించుచుండెడివాడు.

ఆతడు నారి లాగు పద్ధతి చూచి పోపు ఆశ్చర్యపడెను. ఆంగ్లేయులు మూడువ్రేళ్లతో లాగుదురు. ఇషి బొటనవ్రేలిని వంచి నారి క్రిందుగా తగిలించి, నడిమివ్రేలిని దానిగోటిపై నొత్తి లాగును. బొటనవ్రేలితో లాగుట ఆసియావాసుల పద్ధతి; అమెరికాలో నది యెంతయు అరుదు. ఏకలవ్యుని కథ నెఱిగిన మనకు ఆ వ్రేలు ఎందు కడుగబడినదో చెప్పనక్కఱలేదు. అచట అడవివాడు శిష్యుడు, నాగరకుడు గురువు. ఇచట వరుస తలక్రిందైనది. గురుదక్షిణమాట తరువాత చెప్పెదము.

వింటినిగూర్చి ఆతనికి పెక్కు నియమములు. పిల్లవాడు దాటినచో అది సూటిగా వేయదు. స్త్రీ తాకినచో ఇసుకతోను నీటితోను కడుగవలెను. ఇట్టి మడి మన యిండ్లలోను నున్నదే, అచటను ఇచటను ఒక్కటే అజ్ఞానము. కాని వాని ప్రక్కనే వేఱొక మాటయు కలదు: ఎక్కుపెట్టిన వింటిని గోడకు నిలువుగా ఆనించరాదు, అట్లుంచిన అది పనిచేయుచునే యుండి చెమర్చును. నేడు పాతకొయ్యవిండ్లను సేకరించువారిలో అనుభవశాలి నడిగినను ఇదేమాట వేఱువిధముగా చెప్పును. నారి దింపక యుంచిన కఱ్ఱ వంపునకు అలవడి బలము కోల్పోవును. వేటనాటి యుదయమున చేపతినక, పొగత్రాగక, ఏట స్నానముచేసి సుగంధపు టాకులతో ఒడలు రుద్దుకొనుటయు అట్టిదే. లేడికి ముక్కున్నదని యెఱిగినవాని వ్రత మది. పొంచి దగ్గఱకు పోవుట, వ్రేళ్లను ముద్దుపెట్టుకొనునట్లు చప్పుడుచేసి కుందేటిపిల్ల యేడ్పును అనుకరించి మృగములను రప్పించుట, వీనియందే ఆతని నేర్పు. పందెపుగుఱిని దూరమునుండి కొట్టుటలో శిష్యులే గురువును మించిరి.

పోపు అంతతో ఆగలేదు. ప్రదర్శనశాలలోని నానాజాతుల విండ్లను దింపి, బయలునకు గొనిపోయి, ఒక్కొక్కదానిని లాగి వేసి, దూరము కొలిచెను. ఆ ఫలితములను 1923లో ప్రకటించెను. వానిలో పెక్కువిండ్లు 200 గజములు చేరలేకపోయినవి. యానాల విల్లు దానిని కొంచెము దాటినది. పోపు స్వయముగా చేసిన ఆంగ్లపు యూవిల్లు వానినన్నిటిని మించినది. దీనినుండి ఆదిమజాతుల విండ్లు అల్పములను తలంపు చాలమందికి కలిగినది. మా దృష్టిలో నిది సరికాని తీర్పు. ఏండ్లతరబడి అద్దపుబీరువాలో నెండిన కఱ్ఱను, దాని యజమాని పట్టు నెఱుగని చేతితో లాగి, ఆ జాతి బలమును కొలువవచ్చునా? ఆంగ్లవింటి విషయమునను అట్టి పొరపాటే జరిగినది. 1545లో మునిగిన 'మేరీ రోజ్' ఓడనుండి పూర్వము బయటపడిన వింటిని చూచి పోపు చేసిన నమూనా సుమారు డెబ్బది పౌండ్ల బలమునకే పరిమితమైనది. 1982లో ఆ ఓడనే పైకితీసిన పిమ్మట, నూటికి మించి దొరకిన విండ్లను పరీక్షించినవారు వానిలో పెక్కింటికి నూఱు పౌండ్లకు పైబడిన బలమున్నదని నిశ్చయించిరి.

సేకరించిన వస్తువు సేకరించినవానినే తప్పుపట్టుటయు కలదు. 1996లో పురాతత్త్వవేత్త స్టీవెన్ షాక్లీ, ఇషి చెక్కిన ములికులను యాహీప్రాంతపు పాతములికులతో పోల్చి, అవి పొరుగువారగు వింటూ, నొమ్లాకీ జాతుల పద్ధతికి దగ్గఱగా నున్నవని చూపెను. తఱిగిపోవుచున్న తెగవారు పొరుగుతో కలియక ఎట్లు బ్రతుకుదురు? 'కలగలుపులేని చివరి యాహీ' యనునది ప్రదర్శనశాలవారు వ్రాసిన చీటీయేగాని ఆతడు చెప్పుకొన్న మాట కాదు.

1920లో పోపు, యంగు లిరువురును ఒక శాస్త్రసంస్థ ప్రదర్శనశాలకొఱకు ఎల్లోస్టోన్ వనమున గ్రిజ్లీ ఎలుగుబంట్లను బాణములతో చంపి తెచ్చిరి. సాహసమే, కాదనము. కాలిఫోర్నియాలో గ్రిజ్లీజాతి అప్పటికే తుడిచిపెట్టుకొనిపోవు దశయం దుండెను. ముందు చంపుట, పిదప అద్దములో నిలుపుట. మన నల్లమల చెంచుల విల్లును తలచుకొన్నను ఇట్టి చిక్కే కనబడును: హైమెండార్ఫ్ 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించునాటికి వారి చేతిలో విల్లుండెను, 1972 చట్టముతో వేట నేరమైనది. మృగములను కాచుట ధర్మమే యని మేమును ఒప్పుకొందుము. అయితే అడవిని తఱిగించినది చెంచులు కారు.

ఇషి 1916 మార్చి 25న క్షయచేత మరణించెను. మృతదేహమును కోయుట ఆతనికి గిట్టదని మిత్రులందఱకు తెలియును. అప్పుడు న్యూయార్కులోనున్న క్రోబర్ శవచ్ఛేదము వలదని గట్టిగా వ్రాసెను. జాబు చేరుసరికి ఆ పని జరిగిపోయినది. పోపు దాని వివరములను 1920లో ఇషి వైద్యచరిత్రమను పేర ప్రకటించెను. మెదడును వేఱుచేసి యుంచిరి. వలదని వ్రాసిన క్రోబరే మఱుసటియేట దానిని వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థకు పంపెను. ఏకలవ్యు నడిగి తీసికొనిరి; ఇషి నెవ్వరును అడుగలేదు. దుష్టులు చేసిన పనియైనచో మన మింత కలతపడనక్కఱలేదు. వీరు ఆతనిని ప్రేమించినవారు. ఆతడు పోయినందుకు దుఃఖించినవారు.

తక్కిన దేహమును దహించునపుడు వారే చితియందు ఆతని విల్లును, ఐదు బాణములను, సింధూరపుగింజల పిండిగల బుట్టను, పొగాకు సంచిని, గవ్వలను, ములికిరాతి పెచ్చులను ఉంచిరి. బూడిదను కోల్మా పట్టణమున శ్మశానవాటికలో నొక కుండలో భద్రపఱచిరి. మెదడు మాత్రము ఎనుబదియేండ్లకు పైగా స్మిత్సోనియనువారి యధీనముననే యుండెను. 1999లో దాని జాడ బయలుపడగా, యానాసంతతివారు గల రెడ్డింగ్ రాంచెరియా, పిట్ రివర్ జాతులవారు దానిని తమ కిమ్మని కోరి, 2000 ఆగస్టులో పొందిరి. బూడిదతో కలిపి ఆతని పూర్వుల భూమిలో పాతిపెట్టిరి. ఆ చోటు ఎచటనున్నదో వారు బయటివారికి చెప్పలేదు.