జాబిక్స్ స్టార్ట్ కాగానే ఆగిపోతోందా? రీఇన్‌స్టాల్ చేసే ముందు లాగ్ చూడండి!

సర్వర్లపై కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేరే పడిపోతే? కమాన్‌పూర్‌లో చిన్న ఆఫీసైనా, హైదరాబాద్‌లో డేటా సెంటరైనా ఇబ్బంది ఒక్కటే. అలర్ట్ పంపాల్సిందే ఆగిపోయింది కాబట్టి, ఆ టైమ్‌లో ఏ సర్వర్ పడిపోయినా ఫోన్‌కు మెసేజ్ రాదు. లాత్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ 2001లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ జాబిక్స్‌లో ఇది తెలిసిన సమస్యే.

చాలామంది చేసే పొరపాటు.. పదే పదే రీస్టార్ట్ కొట్టడం. కారణం సర్వర్ లాగ్ ఫైల్ చివరి లైన్లలోనే ఉంటుంది. అక్కడ 'అవుట్ ఆఫ్ మెమరీ' అని ఉంటే వెంటనే కొత్త ర్యామ్ కొనక్కర్లేదు. ఏ సెట్టింగ్ పెంచాలో లాగే చెబుతుంది. ఎక్కువగా అది 'క్యాష్‌సైజ్'. పాత వెర్షన్లలో ఇది 8 ఎంబీ, 6.0 నుంచి 32 ఎంబీ. మెషిన్లు పెరిగితే అదీ చాలదు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో 128 ఎంబీ ఇచ్చి స్టార్ట్ చేసి చూడాలి. అన్నట్టు, ఆ లైన్ ముందున్న హ్యాష్ గుర్తు తీయకపోతే ఎంత మార్చినా పాత సైజే!

అప్‌డేట్ చేశాక ఆగిపోతే డేటాబేస్ వెర్షన్ కలిసిందో లేదో చూడాలి. కొత్త వెర్షన్ మొదటిసారి లేచినప్పుడు డేటాబేస్‌ను తానే మార్చుకుంటుంది. డేటా ఎక్కువుంటే టైమ్ పడుతుంది. హ్యాంగ్ అయిందనుకుని మధ్యలో ఆపేస్తే అసలుకే మోసం. అందుకే ముందు బ్యాకప్ తప్పనిసరి.

ఇక డేటాబేసే ఆగి ఉంటే జాబిక్స్ క్రాష్ కాదు, ట్రై చేస్తూనే ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక ఇలా కనిపిస్తే, డిస్క్ నిండిందేమో చూసి డేటాబేస్‌ను ముందు లేపాలి.