విశాఖపట్నంలో వ్యాపార గణాంక శాస్త్రం

సరుకులు, ధరలు, వేతనాలు, ఉత్పత్తి వంటి విషయాలకు సంబంధించిన అంకెలను సేకరించి, వర్గీకరించి, వాటి ఆధారంగా నిర్ణయాలకు రావడం ఎలాగో నేర్పే శాస్త్రశాఖ వ్యాపార గణాంక శాస్త్రం. డిగ్రీ స్థాయి వాణిజ్యశాస్త్ర విద్యార్థులు దీన్ని సగటులతో ఆరంభించి, రెండు అంశాలు కలిసి మారే తీరును తెలిపే సహసంబంధం, ధరల మార్పును కొలిచే సూచీ సంఖ్యలు, కాలక్రమంలో అమర్చిన అంకెలైన కాలశ్రేణుల దాకా చదువుతారు. విశాఖపట్నంలో దీని చరిత్ర ఓడరేవు, విశ్వవిద్యాలయం, ఉక్కు కర్మాగారం చుట్టూ అల్లుకుని ఉంది. సరుకునంతా లెక్కపెట్టి రాసుకోవడంతో సరిపెట్టుకున్న దశ నుంచి, కొద్ది భాగాన్ని పరీక్షించి మొత్తాన్ని అంచనా వేసే దశకు సాగిన మార్పే ఈ చరిత్రలో ముఖ్యాంశం.

కార్మైకేల్ 1869లో వెలువరించిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907లో కూర్చిన గెజిటీర్ పాలనావసరాల కోసం తయారైనవి కాబట్టి, వాటిలో వివరాలను పోగుచేయడమే ఎక్కువ, విశ్లేషణ తక్కువ. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేసే ఉద్దేశంతో నిర్మించిన ఓడరేవులోకి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ నౌక ప్రవేశించింది. రేవు నడవాలంటే ఏ నౌక ఎప్పుడు వచ్చింది, ఎన్ని టన్నులు ఎత్తింది, ఎప్పుడు వెళ్లింది అన్న లెక్క తప్పనిసరి. ఏళ్ల తరబడి పేరుకున్న ఇటువంటి లెక్కలే కాలశ్రేణులకు ముడిసరుకు. పాఠ్యగ్రంథాలు కాలశ్రేణిని దీర్ఘకాలిక ధోరణి, ఋతువులను బట్టి వచ్చే మార్పు, చక్రీయ మార్పు, అనూహ్యమైన మార్పు అని నాలుగుగా విడదీస్తాయి. వీటిలో చివరిదానికి 2014 అక్టోబరు 12న నగరాన్ని తాకిన హుద్‌హుద్ తుఫానును మించిన ఉదాహరణ ఈ తీరంలో దొరకదు.

1926లో బెజవాడలో ఏర్పడి 1930లో విశాఖలోని వాల్తేరుకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో) గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023), 1941లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1945లో ప్రచురించిన వ్యాసంలో ఆయన, మొత్తం మీద ఎక్కువవైపో తక్కువవైపో మొగ్గని ఏ అంచనాకైనా ఒడుదొడుకులు ఒక కనీస హద్దు కంటే తగ్గవని నిరూపించారు. క్రామర్–రావు అసమానతగా పేరుపొందిన ఈ ఫలితం ప్రాథమిక వాణిజ్య పాఠాల స్థాయికి మించినదే అయినా, ఆ పాఠాల్లో కనిపించే ప్రతి అంచనా వెనుకా ఉండే, అది ఎంత కచ్చితంగా ఉండగలదన్న ప్రశ్నకు ఇది జవాబు. దేశంలో ఎంబీఏ కోర్సును తొలినాళ్లలోనే, 1957లో, ప్రారంభించిన విశ్వవిద్యాలయాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి. 1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల ద్వారా మధ్యగతం (మీడియన్), బాహుళకం (మోడ్) వంటి పదాలు తెలుగు మాధ్యమం తరగతి గదుల్లో స్థిరపడ్డాయి.

బైలడిల్లా గనుల ఇనుప ఖనిజం జపానుకు ఎగుమతి కావడానికి 1960లలో కిరండూల్–కొత్తవలస రైలుమార్గం వేయడంతో ప్రతిచయనం, అంటే మొత్తానికి ప్రతినిధిగా నిలిచే నమూనాను ఎంచుకోవడం, రేవులో డబ్బుతో ముడిపడ్డ వ్యవహారమైంది. ఖనిజం ధర అందులోని ఇనుము శాతాన్ని బట్టి మారుతుంది. నౌకెడు ఖనిజాన్నీ ప్రయోగశాలకు పంపడం సాధ్యం కాదు. కుప్ప పోసినప్పుడు పెద్ద గడ్డలు అంచులకు దొర్లి, సన్నపొడి నడుమ నిలిచిపోతుంది కనుక, చేతికందిన చోట పారతో తీసిన నమూనా ఎంత పెద్దదైనా మొత్తానికి ప్రతినిధి కాలేదు. అందువల్ల కదిలే కన్వేయర్ బెల్టు మీది ప్రవాహం నుంచి సమాన వ్యవధుల్లో చిన్న చిన్న భాగాలు తీసి, కలిపి, నలగగొట్టి, మళ్లీ మళ్లీ విభజించి, చివరికి మిగిలిన కాస్త పొడిని పరీక్షిస్తారు. క్రమబద్ధ ప్రతిచయనం అని పుస్తకం ఒక్క వాక్యంలో ముగించే పద్ధతి ఆచరణలో ఇంత పని.

1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారంలాంటి చోట పరీక్ష సరుకు తయారయ్యాక కాక తయారవుతుండగానే జరగాలి. ఇటువంటి అవసరానికే అమెరికాలో షూహార్ట్ 1924లో నియంత్రణ పటాన్ని రూపొందించారు. భారతీయ గణాంక సంస్థ స్థాపకుడు మహలనోబిస్ ఆహ్వానంపై 1947–48లో ఆయన భారతదేశానికి వచ్చారు. ఈ పటంలో సగటుకు పైన, కింద మూడేసి క్రమవిచలనాల దూరంలో గీతలుంటాయి. విలువలు సగటు నుంచి సాధారణంగా ఎంత ఎడంగా ఉంటాయో చెప్పే కొలతే క్రమవిచలనం. విలువలు సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకునే సామాన్య విభాజనాన్ని అనుసరిస్తే 99.73 శాతం ఈ గీతల మధ్యే పడతాయి గనుక, కొలిమి నుంచి వచ్చిన ద్రవ ఇనుములో సిలికాన్ శాతం గీత దాటితే కారణం వెతకాలి. దాటనప్పుడు ప్రతి చిన్న తేడాకూ కొలిమిని సవరించబోవడం తేడాలను పెంచుతుంది.

కార్మిక కుటుంబాలకు బాగా పరిచయమైన గణాంకం మాత్రం పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీయే, ఎందుకంటే ప్రభుత్వరంగ ఉద్యోగుల డీఏ (కరువు భత్యం) అఖిల భారత సూచీ మీద ఆధారపడుతుంది. ఒక్కో వస్తువుకు ఇంటిఖర్చులో ఉన్న వాటాను భారంగా తీసుకుని లేబర్ బ్యూరో దీన్ని లెక్కకడుతుంది. 2016 ఆధార సంవత్సరంగా ఉన్న శ్రేణికి ధరలు సేకరించే 88 కేంద్రాల్లో విశాఖపట్నం ఒకటి. 2001 శ్రేణి ప్రకారం కుదిరిన ఒప్పందాల కోసం కొత్త అఖిల భారత సూచీని 2.88తో గుణించి పాత శ్రేణిలోకి మారుస్తారు.