గుండె వైఫల్యంలో రక్త జీవసూచికలు

గుండె వైఫల్యం అనగా శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడం, లేదా లోపలి ఒత్తిడి బాగా పెరిగితే తప్ప పంపలేకపోవడం. గుండెపోటు, గుండె ఆగిపోవడం అనేవి వేరు. ఈ వ్యాధిగ్రస్తుల రక్తంలో కొన్ని పదార్థాలను కొలచి, వారికి మున్ముందు ఎంత ప్రమాదమున్నదో అంచనా వేస్తారు. అటువంటి పదార్థాలను జీవసూచికలు అంటారు. వీటిలో బీఎన్‌పీ, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ప్రధానమైనవి. ట్రోపోనిన్, యూరియా, క్రియాటినిన్, సోడియం కూడా ఈ కోవలోనివే.

చరిత్ర

1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ బృందం ఎలుకల గుండె కర్ణికల నుండి తీసిన సారాన్ని వేరే ఎలుకలకు ఎక్కించగా, అవి ఉప్పును, నీటిని మూత్రంలో విపరీతంగా విసర్జించాయి. గుండె రక్తాన్ని తోడడమే కాక హార్మోనును కూడా తయారుచేస్తుందని దీనివలన తెలిసింది. 1988లో జపాను శాస్త్రవేత్తలు పంది మెదడు నుండి ఇటువంటిదే మరొక పెప్టైడును వేరుచేశారు. అందువలన దాని పేరులో 'మెదడు' చేరినది. మనుషులలో అది ప్రధానంగా గుండె జఠరికల నుండే వస్తుందని తరువాత తేలినా పాత పేరే స్థిరపడిపోయింది.

పుట్టుక

జఠరికల గోడ ఒత్తిడికి సాగినపుడు అందలి కణాలు 108 అమైనో ఆమ్లాలు గల ప్రోబీఎన్‌పీని తయారుచేస్తాయి. అది రెండుగా తెగుతుంది. 32 అమైనో ఆమ్లాల బీఎన్‌పీ పనిచేసే హార్మోను. మిగిలిన 76 అమైనో ఆమ్లాల ముక్క ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. దీనికి హార్మోను గుణం లేదు, కాని రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. బీఎన్‌పీ అర్ధాయువు సుమారు 20 నిమిషాలు కాగా దీనిది ఒకటి నుండి రెండు గంటలు. ఈ రెండింటి అంకెలు ఒకటి కావు. ఒకదానితో మరొకదానిని పోల్చరాదు.

ప్రమాదాన్ని అంచనా వేయుట

ఈ పరీక్ష మొదట ఆయాసానికి కారణం గుండెయా, ఊపిరితిత్తులా అని తేల్చడానికి వాడుకలోకి వచ్చింది. 2002లో 1,586 మంది రోగులపై ప్రచురితమైన అధ్యయనం బీఎన్‌పీకి మిల్లీలీటరుకు 100 పికోగ్రాములను గీతగా తీసుకున్నది. అయితే అదే అంకె రోగి భవిష్యత్తును కూడా సూచిస్తుంది. అమెరికాలోని అధియర్ రిజిస్ట్రీలో సుమారు 48,000 మందిని, ఆసుపత్రిలో చేరినప్పటి బీఎన్‌పీని బట్టి నాలుగు వర్గాలుగా విభజించారు. 430 కంటే తక్కువ ఉన్నవారిలో ఆసుపత్రి మరణాలు 1.9 శాతం, 1,730, ఆపైన ఉన్నవారిలో 6 శాతం. ట్రోపోనిన్ గుండె కండరం దెబ్బతిన్నదని తెలుపుతుంది. అదే రిజిస్ట్రీలో ట్రోపోనిన్ పెరిగినవారిలో మరణాలు 8 శాతం, పెరగనివారిలో 2.7 శాతం.

ఒక్క అంకె కంటే దాని మార్పు ఎక్కువ చెబుతుంది. ఆసుపత్రి నుండి వెళ్ళేనాటికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 30 శాతానికి మించి తగ్గినవారి పరిస్థితి, తగ్గనివారికంటే మెరుగుగా ఉంటుంది.

చౌక పరీక్షలు

పెద్ద ఆసుపత్రులు లేని ప్రాంతాలకు ఎక్కువగా ఉపయోగపడే విషయం ఇది. అధియర్ రిజిస్ట్రీ నుండి 2005లో వెలువడిన మరొక విశ్లేషణలో, ఆసుపత్రి మరణాలను అంచనా వేయడానికి అన్నిటికంటే పనికివచ్చినవి మూడే: రక్తంలోని యూరియా నైట్రోజన్, పై రక్తపోటు, క్రియాటినిన్. నైట్రోజన్ డెసిలీటరుకు 43 మిల్లీగ్రాముల లోపు, రక్తపోటు 115 లేదా ఆపైన ఉన్నవారిలో మరణాలు 2.1 శాతం. నైట్రోజన్ 43 లేదా ఆపైన, రక్తపోటు 115 కంటే తక్కువ, క్రియాటినిన్ 2.75 లేదా ఆపైన, ఈ మూడూ కలిసినవారిలో 21.9 శాతం. మన ప్రయోగశాలలు సాధారణంగా ఇచ్చేది నైట్రోజన్ కాదు, మొత్తం బ్లడ్ యూరియా. నైట్రోజన్ 43 అనగా యూరియా సుమారు 92. ఈ తేడా గమనించకపోతే ప్రమాదం తక్కువగా ఉన్నవారు కూడా ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్లు కనిపిస్తారు.

మూత్రపిండాల వ్యాధి ఉన్నపుడు

ప్రకాశం పశ్చిమ ప్రాంతంలోని వెలిగండ్ల, కనిగిరి పరిసరాలు భూగర్భజలాలలో ఫ్లోరైడుకు, మూత్రపిండాల వ్యాధిగ్రస్తులకు పేరుపడినవి. ఇటువంటి చోట ఈ పరీక్షలను చదవడం సులభం కాదు. మూత్రపిండాలు దెబ్బతింటే బీఎన్‌పీ, అంతకంటే ఎక్కువగా ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తంలో పేరుకుంటాయి. డయాలిసిస్ చేయించుకునేవారిలో ఇవి దాదాపు ఎప్పుడూ ఎక్కువగానే ఉంటాయి. అందువలన మూత్రపిండాల వడపోత రేటు 60 కంటే తక్కువ ఉన్నవారికి బీఎన్‌పీ గీతను 100 నుండి 200కు పెంచాలని నిపుణులు సూచించారు. యూరియా, క్రియాటినిన్ల సంగతీ అంతే. ఏళ్ళ తరబడి క్రియాటినిన్ 3 ఉన్న మనిషికి నేడు 3 ఉండటం ఒకటి, నిరుడు 1 ఉన్నవానికి నేడు 3 ఉండటం మరొకటి.

అంతమాత్రాన పరీక్ష వృథా కాదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారిలోనూ ఈ పెప్టైడులు ఎక్కువగా ఉన్నవారికే మరణ ప్రమాదం ఎక్కువ. కాబట్టి రోగి అంకెను పుస్తకంలోని గీతతో కాక అతని పాత అంకెతోనే పోల్చడం మేలు. పాత రిపోర్టులను పారవేయక వైద్యునికి చూపించడం ఇందుకు అవసరం.

ఇతర తేడాలు

వయస్సు, కర్ణికల గుండెదడ ఈ అంకెలను పెంచుతాయి. స్థూలకాయం తగ్గిస్తుంది, లావుగా ఉన్నవారిలో తక్కువ అంకె చూసి ధైర్యపడరాదు. సకుబిట్రిల్ కలిసిన మందు, బీఎన్‌పీని విచ్ఛిన్నం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. దానిని వాడేవారిలో బీఎన్‌పీ పెరిగి కనిపించవచ్చు గనుక ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని చూడవలెను. ఎస్‌టీ2 అనే సూచికపై మూత్రపిండాల, స్థూలకాయ ప్రభావం తక్కువ. కాని అది అన్నిచోట్లా దొరకదు.

అంకెను బట్టి వైద్యం

ప్రమాదాన్ని తెలుపగలిగిన అంకెను మందులతో దించితే రోగి బాగుపడతాడా అనేది వేరే ప్రశ్న. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని 1,000 కంటే దిగువకు తేవాలని మందులు సవరించిన గైడ్-ఇట్ పరీక్షలో 894 మంది పాల్గొన్నారు. మామూలు వైద్యంకంటే ప్రయోజనం కనబడనందున దానిని మధ్యలోనే ఆపివేశారు. ఫలితాలు 2017లో వెలువడ్డాయి. రెండు వర్గాలలోనూ అంకె దాదాపు ఒకే మేరకు తగ్గింది. 2022 నాటి స్ట్రాంగ్-హెచ్ఎఫ్ పరీక్షలో మాత్రం మందుల మోతాదును త్వరగా పెంచుతూ, అది సురక్షితంగా సాగుతున్నదా అని చూడడానికి ఇదే సూచికను వాడారు. ఆ పద్ధతిలో 180 రోజులలో మరణం లేదా తిరిగి ఆసుపత్రిపాలు కావడం 15.2 శాతం, మామూలు పద్ధతిలో 23.3 శాతం.